రోజూ మనల్ని ఆటపట్టించేవాడు, మనం ఒక్క మాట తిరిగి అంటే ఎందుకు తట్టుకోలేడు?

ఉగ్గాని_బజ్జి
మాది అనంతపురం జిల్లా. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ముగ్గురం కలిసి ఫ్లాట్ తీసుకుని నాలుగేళ్లయింది. ముగ్గురిలో ఒకడు భీమవరం వైపు వాడు. మంచివాడే. నాకు డెంగీ వచ్చినప్పుడు రెండు రాత్రులు ఆసుపత్రిలో నా మంచం పక్కన కుర్చీలోనే పడుకున్నాడు. వాణ్ని చెడ్డవాడిగా చూపించాలని రాయడం లేదు కాబట్టి ఈ సంగతి ముందే చెప్తున్నా.

ఆదివారం పొద్దున నేను ఉగ్గాని చేస్తా. బొరుగులు నీళ్లలో వేసి, మెత్తబడగానే రెండు చేతులతో పిండి పక్కన పెట్టి, ఉల్లిపాయ పచ్చిమిర్చి పోపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతా. సరిగ్గా ఆ పిండేటప్పుడు వచ్చి నిలబడి "బట్టలుతుకుతున్నాడ్రా" అంటాడు. నాలుగేళ్లుగా అదే మాట. తినేటప్పుడు మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకుంటాడు. అది నాకేం బాధ లేదు.

బాధ అంతా అమ్మ ఫోన్ దగ్గర. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదికి చేస్తుంది. ఆవిడ గొంతు పెద్దది, స్పీకర్ పెట్టకపోయినా హాలంతా వినపడుతుంది. "యాడుండావు నాయనా, తింటివా, ఏం కూర చేసుకుంటిరి" అని అడుగుతుంది. నేను ఫోన్ పెట్టేయగానే వాడు అదే గొంతుతో, అదే సాగదీతతో మళ్లీ మొత్తం అప్పజెప్తాడు. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ల ముందు కూడా. నేను నవ్వేసేవాణ్ని.

మొన్న వాడి పుట్టినరోజుకి ఇందిరానగర్‌లో హోటల్‌కి వెళ్లాం. వాళ్ల ఆఫీసువాళ్లు ఎనిమిది మంది వచ్చారు. అక్కడ కూడా అమ్మ గొంతు మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. నేను ఒక్క మాట తిరిగి అన్నా. వాడి మొహం మాడిపోయింది. బిల్లు కట్టి, నాకు చెప్పకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఇవాళ్టికి పదకొండు రోజులు. మాటల్లేవు. రైస్ కుక్కర్ వాడిది. దాన్ని తన గదిలోకి తీసుకెళ్లి పెట్టుకున్నాడు. రాత్రిపూట అన్నం అయ్యాక దాని స్విచ్ టక్కుమని పైకి లేచే చప్పుడు గోడ అవతల నుంచి వినపడుతుంది. మేమిద్దరం బయట మెస్‌లో తింటున్నాం.

నాలుగేళ్లు అన్నవాడు ఒక్క రోజు పడలేడా? నేను చేసింది తప్పా?

సిల్క్‌బోర్డు_సిగ్నల్
తప్పేం లేదు బ్రో. అనడం వచ్చినవాడికి పడటం కూడా రావాలి. కుక్కర్ కొత్తది కొనుక్కోండి, పన్నెండొందలకి వస్తుంది.

కోడ్_రివ్యూ
మా టీమ్‌లో అచ్చం ఇలాంటి మనిషి ఉన్నాడు. బెళ్లందూరులో ఆఫీసు, పేరు వద్దు. మా లీడ్. కొత్తగా చేరిన పిల్లలు రాసిన కోడ్ పంపితే, రివ్యూలో అందరికీ కనపడేలా "ఇది నువ్వే రాశావా, నిద్రలో ఎవరైనా రాసి వెళ్లారా" అని పెడతాడు. కింద నవ్వు బొమ్మ. ఒకమ్మాయి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి వచ్చింది, కళ్లు చూసి నాకు అర్థమైంది.

ఆయన రాసిన దాంట్లో ఒక చోట ఖాళీ విలువ వస్తే మొత్తం కుప్పకూలుతుందని నేను చాలా మర్యాదగా రాశా. జోక్ లేదు, నవ్వు బొమ్మ లేదు. అరగంటలో మీటింగ్‌కి పిలిచాడు. "నీకు నా మీద ఏమైనా ఉంటే నేరుగా చెప్పు" అన్నాడు. నేను మాట్లాడింది ఆ ఒక్క లైను గురించి. ఆయనకు తన మీదికొచ్చినట్టు అనిపించింది. అందుకే చెప్తున్నా, ఇలాంటివాళ్లకి ఎంత మెత్తగా చెప్పినా ఒకటే. మీరు అన్న మాటలో తప్పు వెతుక్కోకండి.

గోదారిగట్టు
ఒక పక్క కథే విని అందరూ తీర్పు ఇచ్చేస్తున్నారు. మా వైపు నలుగురు కూర్చుంటే వేళాకోళం లేకుండా పూట గడవదు. అది ప్రేమ. మనసులో ఏదైనా ఉంటే అసలు మాట్లాడం. మీకు నచ్చకపోతే మొదటి రోజే చెప్పాల్సింది. నాలుగేళ్లు నవ్వి, ఐదో ఏడు పొడిచారు. సరదాని సరదాగా తీసుకోవాలి.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
ఆయ్, అలాగేనండి గోదారిగట్టు గారూ.

గోదారిగట్టు
ఇందులో ఆయ్ ఎందుకు? నేను మామూలుగా మాట్లాడుతుంటే యాస మీదికి రావడం ఏం పద్ధతి? ఎవరి ఊరు వాళ్లకి గొప్ప. ఇలా వెటకారం చేసేవాళ్లు ఉంటే నేను ఈ చర్చలో ఉండను.

పద్మ_హొరమావు
గోదారిగట్టు తమ్ముడూ, నీ పై పోస్టు, ఈ పోస్టు రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చదువుకో నాయనా. కోపంతో అనడం లేదు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
నిజంగానే ఉడికించాలని అన్నది కాదు గోదారిగట్టు గారూ. నొప్పించినందుకు సారీ.

బంగారుపేట_వాసి
యాస మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. మాది కోలారు జిల్లా. మా తాత కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేశాడు. 2001లో గని మూసేసే నాటికి మా నాన్న కూడా అక్కడే. మా ఇళ్లలో తెలుగే, బడిలో కన్నడం. మా జిల్లాలో ఇలాంటి ఇళ్లు లెక్కలేనన్ని. బెంగళూరు తెలుగంటే ఐటీ కంపెనీలతో వచ్చిందనుకుంటారు చాలామంది. మేం అంతకుముందు తరతరాలుగా ఇక్కడే ఉన్నాం.

ఆఫీసులో విజయవాడ బ్యాచ్ ఒకటుంది. నేను నోరు విప్పితే చాలు, "నీది తెలుగేనా" అంటారు. నేను ఏ మాట అంటే ఆ మాట పట్టుకుని పది సార్లు తిరిగి అంటారు. మా నాయనమ్మ నేర్పిన మాటలవి. ఒకరోజు అందులో ఒకాయన ఆఫీసు కింద కొబ్బరిబోండాల బండి దగ్గర చేతి వేళ్లు చూపిస్తూ బేరం చేస్తుంటే అన్నా, "అన్నా, తొమ్మిదేళ్లయింది ఈ ఊరొచ్చి, 'కన్నడ గొత్తిల్ల' (కన్నడం రాదు) తప్ప ఇంకో మాట నేర్చుకోలేదా" అని. అంతే. "నేను ఇక్కడికి పని చేయడానికి వచ్చా, భాషలు నేర్చుకోవడానికి కాదు" అని గట్టిగా అరిచాడు. బోండాల ఆయన కత్తి ఆపి మా వైపు చూశాడు.

ఆయనకు ఎందుకంత కోపం వచ్చిందో తర్వాత ఆలోచించా. నాకు తెలిసి ఆయనకీ లోపల సిగ్గుంది, ఇన్నేళ్లయినా రాలేదని. నేను సరిగ్గా అక్కడ వేలు పెట్టా.

ఉగ్గాని_బజ్జి
@బంగారుపేట_వాసి మీ చివరి మాట చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

పద్మ_హొరమావు
నీ పోస్టు చదివినప్పటి నుంచి ఒకటి అడగాలనుకుంటున్నా ఉగ్గాని. "ఒక్క మాట తిరిగి అన్నా" అని రాశావు. ఆ మాట ఏంటి? వాడు అన్నవన్నీ పూస గుచ్చినట్టు రాశావు, నీ మాట మాత్రం రాయలేదు.

కోడ్_రివ్యూ
అది అవసరమా అక్కా? ఏ మాటైనా నాలుగేళ్ల ముందు ఒక మాట ఎంత?

పద్మ_హొరమావు
అవసరమే. ఎందుకో నా అనుభవం చెప్తా.

మా ఆడపడుచు ఇక్కడే రామ్మూర్తినగర్‌లో ఉంటుంది. పన్నెండేళ్లుగా నా చేతి వంట మీద ఏదో ఒకటి అనకుండా లేవలేదు. "వదినా, పప్పు ఉడికిందంటావా?" "వదినా, నీ పచ్చడి తింటే అన్నయ్యకి అల్సర్ గ్యారంటీ." అందరి ముందూ, నవ్వుతూనే. ఒక సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాం. ఆ రోజు పులుసులో చింతపండు ఎక్కువైంది. నిజంగానే ఎక్కువైంది, పళ్లు జివ్వుమన్నాయి. నేను అన్నది ఇంతే: "పులుసు కాస్త పుల్లగా ఉన్నట్టుంది కదా." ఆ అమ్మాయి గరిటె గిన్నెలో పడేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పండగ పూట ఎవరం సరిగ్గా తినలేదు. మా అత్తగారు నాతో నెల రోజులు ముభావంగా ఉన్నారు.

నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల లెక్క నా దగ్గర ఉంది కదా మరి. కానీ తర్వాత వాళ్లాయన ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆ పొద్దున వాళ్ల అత్తగారు పులుసు రుచి చూసి, "పుట్టింట్లో ఇదే నేర్పారా" అని పనిమనిషి ముందు అన్నారట. నా మాట దాని మీద పడింది. నాకు తెలియదు. తెలిస్తే అనేదాన్ని కాదు.

తను నన్ను అన్న మాటలు ఒప్పని నేను అనడం లేదు. పన్నెండేళ్లు బాధపడ్డా. కానీ మన మాట ఎక్కడ తగిలిందో చూడకుండా, వాళ్లు ఎన్ని అన్నారో మాత్రమే లెక్కేస్తే సగమే తెలుస్తుంది. అందుకే అడిగా, ఏమన్నావు నాయనా?

ఉగ్గాని_బజ్జి
చెప్తా అక్కా. రాయాలంటే చెయ్యి రాలేదు, అందుకే దాటేశా.

వాడికి ముప్పై నాలుగు. మూడేళ్లుగా సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపులకని శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కుతాడు, సోమవారం పొద్దున దిగుతాడు. ఈ సంక్రాంతి ముందు ఒకటి ఖాయమైంది, నిశ్చితార్థానికి వారం ముందు అమ్మాయివాళ్లు వద్దన్నారు. ఆ సంగతి ఫ్లాట్‌లో మా ఇద్దరికే తెలుసు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

హోటల్లో వాడు అమ్మ గొంతు చేసి అందరూ నవ్వాక నేను అన్నా: "మా అమ్మ కనీసం రోజూ ఫోన్ చేస్తుంది రా. నీకు ఖాయమైన అమ్మాయి కూడా ఫోన్ ఎత్తట్లేదుగా."

ఎవరూ నవ్వలేదు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
అయ్యో.

గోదారిగట్టు
ఇది వేళాకోళం కాదు. వాడి గుట్టు తీసి బల్ల మీద పెట్టావు.

కోడ్_రివ్యూ
నా మొదటి పోస్టులో తొందరపడ్డా. నీ తప్పేం లేదన్నట్టు రాశా. అది వెనక్కి తీసుకుంటున్నా. అయినా ఒకటి. వాడు తీసింది కూడా అమ్మని. తల్లి మీద రోజూ నవ్వడం చిన్నదా?

ఫిజియో_వైట్‌ఫీల్డ్
నేను ఫిజియోథెరపిస్టుని. రోజంతా మనుషుల చేతులూ భుజాలూ నొక్కే పని. "మీరు ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకు తెలియదు" అని పేషెంట్లు అంటుంటారు. అది అక్షరాలా నిజం.

2003లో లండన్‌లో యూనివర్సిటీ కాలేజీవాళ్లు ఒక ప్రయోగం చేశారు, సైన్స్ పత్రికలో వచ్చింది. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి వేలి మీద ఒకరు నొక్కమన్నారు. షరతు ఒక్కటే: నీకు ఎంత బలం తగిలిందో సరిగ్గా అంతే తిరిగి ఇవ్వు, ఎక్కువ వద్దు. అవతలివాడికి ఏం చెప్పారో ఇవతలివాడికి తెలియదు. చూస్తుండగానే ప్రతి వంతుకీ బలం పెరుగుతూ పోయింది. అడిగితే ఇద్దరూ నేను సమానంగానే ఇచ్చాననే అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మన చెయ్యి చేసే పనిని మెదడు ముందే లెక్కేసుకుని, దాని తాలూకు స్పర్శను తగ్గించి చూపిస్తుంది. మనకి మనమే చక్కిలిగిలి పెట్టుకోలేకపోవడం కూడా అందుకే. బయట నుంచి వచ్చేదాన్ని మాత్రం తగ్గించదు. అదే వేలితో కాకుండా జాయ్‌స్టిక్ తిప్పి బలం ఇవ్వమంటే చాలా దగ్గరగా ఇచ్చారు.

వేళ్లకే ఇలా ఉంటే మాటలకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాడు నాలుగేళ్లు "చిన్నగా" నొక్కాననే అనుకున్నాడు. నువ్వు ఒక్కసారి "అంతే" తిరిగిచ్చాననుకున్నావు.

ఎర్రమట్టి
వేలూ మాటా ఒకటి కాదు సార్. నాడి లెక్కలు ఇక్కడికి తేవద్దు. కొంతమందికి అహంకారం, అంతే. తాము అనేవాళ్లు, ఎదుటివాళ్లు పడేవాళ్లు అని పుట్టుకతో అనుకుంటారు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

ఫిజియో_వైట్‌ఫీల్డ్
రెండూ ఒకటి కాదన్నది ఒప్పుకుంటా. పోలిక కోసం చెప్పా. అహంకారం ఉన్నవాళ్లు లేరనడం లేదు, కానీ డెంగీ వస్తే రెండు రాత్రులు కుర్చీలో పడుకున్నవాడు ఆ లెక్కలోకి వస్తాడా?

మనసు_చదువు
నేను ఇక్కడే సైకాలజీ ఎంఎస్సీ చేస్తున్నా. ఆటపట్టించడం గురించే నేరుగా ఒక పరిశోధన ఉంది. 2006లో జస్టిన్ క్రూగర్, ఇంకో ఇద్దరు కలిసి ప్రచురించారు. అన్నవాళ్లకి తమ మాట ఎంత సరదాగా, ఎంత హాని లేనిదిగా కనిపిస్తుందో, పడినవాళ్లకి అంత సరదాగా కనిపించదు. కారణం మామూలుదే: నా ఉద్దేశం నాకు తెలుసు. నీకు నా మాట మాత్రమే వినపడుతుంది. "ఊరికే అన్నా" అని చివర్లో తగిలించినా అది అవతలికి చేరదు.

ఇంకోటి కూడా గమనించండి. పడినవాడు నవ్వితే అన్నవాడికి వేరే సమాచారం ఏదీ అందదు. ఉగ్గాని గారు నాలుగేళ్లు నవ్వారు. ఆ నవ్వు వెనక ఏముందో ఆ అబ్బాయికి ఎలా తెలియాలి?

బంగారుపేట_వాసి
అంటే పడేవాడే తప్పు చేశాడా? నవ్వకపోతే "ఫీలయ్యాడ్రా" అని ఇంకో వారం ఏడిపిస్తారు. నవ్వడం తప్ప దారి ఏముంది? నేను విజయవాడ బ్యాచ్ ముందు ఒక్కసారి మొహం ముడిచా, ఆ తర్వాత నా పేరే మార్చేశారు.

మనసు_చదువు
తప్పనడం లేదండీ. మీరు చెప్పింది నిజం. నవ్వితే తెలియదు, నవ్వకపోతే అలుసు. రెండు వైపులా ఇరుకే.

పాఠాల_పంతులు
రిటైరైన సోషియాలజీ లెక్చరర్ని, జేపీ నగర్. ఈ చర్చలో అందరూ "అనడం, పడటం" ఇద్దరు మనుషుల గుణాల్లాగా మాట్లాడుతున్నారు. అది వరసని బట్టి కూడా ఉంటుంది. 1940లో రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవ శాస్త్రవేత్త దీని మీదే ఒక వ్యాసం రాశాడు. కొన్ని సంబంధాల్లో ఒకరినొకరు ఆటపట్టించడానికి ఆచారమే అనుమతి ఇస్తుంది, కొన్నిచోట్ల తప్పనిసరి చేస్తుంది, పడినవాళ్లు కోపం తెచ్చుకోకూడదు అన్నాడు. అందులో రెండు రకాలు చెప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు అనుకునేది ఒకటి. ఒకరే అని, రెండోవారు పడి ఊరుకునేది, లేదా చాలా కొద్దిగా తిరిగి అనేది ఇంకొకటి.

మనకిది కొత్తేం కాదు. బావామరదులు ఎకసెక్కాలు ఆడుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. అదే మాట మామగారితో అంటే ఇల్లు అంటుకుంటుంది. పెళ్లిలో వియ్యాలవారు ఒకర్నొకరు ఎత్తిపొడుచుకుంటూ పాడుకుంటారు. చివరికి అలగడానికి కూడా ఒక చోటు పెట్టారు మనవాళ్లు. అలకపాన్పు మీద పెళ్లికొడుకు మూతి ముడుచుకుని కూర్చుంటాడు, బతిమాలి ఏదో ఒకటి చేతిలో పెట్టి లేపుతారు. అందరికీ తెలుసు అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో.

ఊరు వదిలి వచ్చి ఒక ఫ్లాట్‌లో చేరిన ముగ్గురికి వరస లేదు. మాటల్లో అన్నా, తమ్ముడూ అనుకుంటారు గానీ ఎవరు ఎవరిని ఎంతవరకు అనొచ్చో ఎవరూ చెప్పలేదు. ఆ అబ్బాయి తనకు తెలియకుండానే రెండో రకం నడిపాడు: నేను అంటాను, నువ్వు నవ్వుతావు. నాలుగేళ్లు అదే నియమం అనుకున్నాడు. ఆ రోజు నువ్వు నియమం మార్చావు, అది కూడా తన కొలీగ్స్ ముందు. అలిగాడు. అలకపాన్పు లేదు కాబట్టి రైస్ కుక్కర్ గదిలో పెట్టుకున్నాడు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
పంతులుగారూ, ఆ చివరి లైను నేను మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడ నిన్న టీవీ రిమోట్ పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది. లేపడానికి ఏం పెట్టాలో ఇప్పుడు అర్థమైంది.

ఎర్రమట్టి
పైన అహంకారం అన్నది నేనే. రాత్రి నిద్ర పట్టలేదు. ఒకటి చెప్పుకుంటా.

ఈ చర్చలో అందరూ పడినవాళ్లే రాస్తున్నారు. నేను అనేవాణ్ని. ఇంట్లో, ఆఫీసులో, స్నేహితుల్లో ఎవర్నీ వదలను. లావుగా ఉంటే లావు, బట్టతల ఉంటే బట్టతల. నవ్విస్తానని నాకు పేరు. నేను లేకపోతే పార్టీ లేదంటారు. పోయిన దసరాకి మా తమ్ముడి కొడుకు, ఏడేళ్లవాడు, నా నడక అనుకరించాడు. నాకు చిన్నప్పుడు ఎడమ కాలికి దెబ్బ తగిలి కాస్త ఈడుస్తా. వాడికి అది తెలియదు, పెదనాన్న ఇలా నడుస్తాడని చేసి చూపించాడు. అందరూ నవ్వారు. నేను పిల్లాడి మీద చెయ్యెత్తా. కొట్టలేదు. కానీ ఎత్తా. ఏడేళ్ల పిల్లాడు వాళ్లమ్మ వెనక దాక్కున్నాడు.

బడిలో నన్ను అలాగే అనేవాళ్లు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా. వాళ్లు అనకముందే నేను ఇంకొకడి మీద ఏదో ఒకటి అని అందర్నీ అటు తిప్పేవాణ్ని. అది పనిచేసింది. ఆగడం రాలేదు. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నా. నన్ను ఎవరైనా అంటే ఒక్క సెకనులో ఆరో తరగతి బెంచీ మీద ఉంటా.

మీ భీమవరం అబ్బాయి సంగతి నాకు తెలియదు. నా సంగతి ఇది.

పద్మ_హొరమావు
ఎర్రమట్టీ, ఆ పిల్లాడితో మళ్లీ మాట్లాడావా?

ఎర్రమట్టి
లేదు అక్కా. క్షమించమని వాడిని అడగడం ఎలాగో తెలియలేదు. ఏడేళ్లవాడు కదా.

పద్మ_హొరమావు
ఏడేళ్లవాడికి బాగా అర్థమవుతుంది. "పెదనాన్న కాలికి దెబ్బ తగిలింది, అందుకే కోపం వచ్చింది, నీ తప్పు కాదు" అంటే చాలు. ఈ ఆదివారమే ఫోన్ చెయ్.

గోదారిగట్టు
నేను ఒకటి ఒప్పుకోవాలి. నిన్న "ఆయ్" అన్నప్పుడు నాకు నిజంగా గుండెల్లో కలుక్కుమంది. ఇక్కడికొచ్చిన కొత్తలో పీజీలో నన్ను పేరు పెట్టి పిలవలేదు, "ఆయ్" అనే పిలిచేవాళ్లు. మానేశా ఆ మాట. ఇప్పుడు అమ్మతో ఫోన్‌లో తప్ప నా నోట రాదు. ఉగ్గాని వాళ్లమ్మ మాటని కూడా అలాగే వెక్కిరించారు కదా, అది నాకు నిన్న తట్టలేదు. నా మీదికి వచ్చాకే తట్టింది. ఉగ్గాని, మొదట రాసిన దానికి సారీ.

కోడ్_రివ్యూ
ఇదంతా చదివి నాకు ఒకటి అనిపిస్తోంది. మా లీడ్ విషయంలో మాత్రం నా మాట మారదు. స్నేహితుడు వేరు, జీతం చేతిలో పెట్టుకున్నవాడు వేరు. ఆయన దగ్గర ఆ అమ్మాయికి తిరిగి అనే వీలే లేదు. ఆయన గాయం ఏదైనా, అందరూ చూసే చోట రాయడం ఆపాలి. మొన్న మేం ముగ్గురం మేనేజర్ దగ్గరికి వెళ్లి, రివ్యూలో మనిషి గురించి ఒక్క మాట కూడా ఉండకూడదు, కోడ్ గురించే ఉండాలని అడిగాం. ఆయన సరే అన్నాడు. చూడాలి.

బంగారుపేట_వాసి
అది కరెక్ట్. నా బ్యాచ్‌తో కూడా అదే తేడా. వాళ్లు ఆరుగురు, నేను ఒక్కణ్ని. ఒకరికొకరు అనుకోవడం కాదు అది.

వేదిక_కాపలా
యాసల మీద నిన్న సాయంత్రం వచ్చిన ఏడు పోస్టులు తీసేశాం. ఏ ఊరి తెలుగు అసలైనదో ఇక్కడ తేల్చక్కర్లేదు. చర్చ కొనసాగించండి.

ఉగ్గాని_బజ్జి
మూడు రోజులు రాయలేదు, క్షమించండి. మీరు రాసినవన్నీ చదువుతూనే ఉన్నా.

నిన్న రాత్రి ఇంట్లో నీళ్లయిపోయాయి. ఇరవై లీటర్ల క్యాన్ స్టాండ్ మీదికి ఎత్తాలంటే మాకు ఇద్దరు కావాలి, స్టాండ్ ఒక కాలు వంకర, ఒకరు పట్టుకోకపోతే పడిపోతుంది. మూడోవాడు నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. నేను ఒక్కణ్నే తంటాలు పడుతుంటే వాడు గదిలోంచి వచ్చి స్టాండ్ పట్టుకున్నాడు. మాట్లాడలేదు. క్యాన్ తిరగేశాక నీళ్లు గుడగుడమంటూ దిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

నేనే అన్నా. "ఆ అమ్మాయి సంగతి మీ ఆఫీసువాళ్ల ముందు అనకూడదు. తప్పు చేశా" అని. వాడు తలూపాడు. అక్కడితో ఆగిపోయేవాణ్నే, కానీ ఇక్కడ అందరూ రాసింది గుర్తొచ్చి ఇంకో మాట కూడా అన్నా. "అమ్మ గొంతు చేసినప్పుడల్లా నాకు లోపల చాలా కష్టంగా ఉండేది రా" అని.

వాడు నిజంగా ఆశ్చర్యపోయాడు. నటన కాదు, నాకు వాడి మొహం తెలుసు. "నువ్వు ఎప్పుడూ నవ్వేవాడివి కదరా" అన్నాడు. కాసేపు ఆగి, "మా అమ్మ పోయాక ఆ టైముకి నాకు ఫోన్ చేసేవాళ్లు లేరు. మీ అమ్మ 'తింటివా' అంటే వినడం నాకిష్టం. అందుకే చేసేవాణ్ని" అన్నాడు.

వాళ్లమ్మ మేం ఫ్లాట్ తీసుకోవడానికి ముందే పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తొమ్మిది గంటల ఫోన్‌తో దాన్ని ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. హోటల్లో నేను అన్న మాటలో "మా అమ్మ కనీసం రోజూ ఫోన్ చేస్తుంది" అని ఉంది చూడండి. నేను ఇన్నాళ్లూ ఆ అమ్మాయి మాటే తగిలిందనుకున్నా.

పద్మ_హొరమావు
నాయనా.

గోదారిగట్టు
ఏం రాయాలో తెలియడం లేదు.

ఎర్రమట్టి
తమ్ముడి కొడుకుతో మాట్లాడా. మొత్తం విని, "మరి నీ కాలు ఇప్పుడు కూడా నొప్పా పెదనాన్నా" అని అడిగాడు.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
ఉగ్గాని, ఇంతకీ రైస్ కుక్కర్ బయటికి వచ్చిందా?

ఉగ్గాని_బజ్జి
ఇంకా వాడి గదిలోనే ఉంది. కానీ ఇవాళ రాత్రి ఒక గ్లాసు బియ్యం బదులు మూడు గ్లాసులు పోశాడు.